అరకులో మూడు రాత్రులు, రెండు బసలు

విశాఖ నుంచి కిరండూల్ ప్యాసింజర్‌లో అరకు వెళ్ళడం మాకిది మూడోసారి. ఈసారి జలపాతాల కోసం కాదు, తిండి కోసం వెళ్ళాం. మా అత్తగారికి షుగర్ వచ్చినప్పటి నుంచి ఇంట్లో చోళ్ళు (రాగులు), సామలు వండుతున్నాం. అవి పండే చోటికే వెళ్ళి, మందులు కొట్టకుండా పండించేవాళ్ళ ఇంట్లో నాలుగు పూటలు తినాలని ఆవిడ కోరిక. డిసెంబరు మొదటి వారం. వలిసె పూలు అప్పటికే రాలిపోతున్నాయి, కాఫీ కోత మాత్రం జోరుగా సాగుతోంది.

మొదటి రాత్రికి ముందే ఒక రిసార్టులో గది తీసుకున్నాం. ‘ఎకో స్టే, ఆర్గానిక్ భోజనం’ అని రాసుకున్నారు, అందుకే దాన్ని ఎంచుకున్నాం. గది శుభ్రంగా ఉంది. వేడినీళ్ళు సోలార్‌వి. పనివాళ్ళు ఎంతో మర్యాదగా ఉన్నారు. అయితే బల్ల మీద నాలుగు ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు, స్నానాలగదిలో షాంపూ ప్యాకెట్లు. భోజనం దగ్గర బియ్యం ఎక్కడివని అడిగితే వడ్డిస్తున్న కుర్రాడు దాచకుండా చెప్పాడు: ‘బియ్యం, కూరగాయలు కొండ కింది నుంచి వస్తాయి మేడమ్. ఇక్కడివంటే తేనె, కాఫీపొడే.’ సాయంత్రం నడకకు వెళ్తే వంటగది వెనక గోతిలో సీసాలూ ప్లేట్లూ కలిపి తగలబెడుతున్నారు. ఆ పొగ మా గది కిటికీ దాకా వచ్చింది.

2022 జులై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధించారు. నీళ్ళ సీసాలు ఆ జాబితాలో లేవు కాబట్టి అవి పెట్టడం చట్టం ప్రకారం తప్పు కాదు. కానీ పర్యావరణం పేరు చెప్పి అద్దె ఎక్కువ తీసుకున్నప్పుడు ఒక ఫిల్టరు, నాలుగు గాజు సీసాలు పెట్టడం ఏమంత కష్టం? ఇలాంటి చోట గది తీసుకునే ముందు ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు అడగండి: బియ్యం ఎక్కడివి, చెత్త ఎక్కడికి పోతుంది. జవాబు తడుముకోకుండా వస్తే సగం నమ్మవచ్చు.

మర్నాడు పొద్దున్నే ఆటోలో ఒక గిరిజన రైతు ఇంటికి మారాం. ఊరికి దూరంగా, తోట అంచున రెండు గదులు. రెండు రాత్రులూ అక్కడే. ఇబ్బందులు ముందే చెప్తాను. మరుగుదొడ్డి ఇంటి బయట ఉంది, అత్తగారి మోకాళ్ళకు ఆ మెట్లు కష్టమయ్యాయి. వేడినీళ్ళు కట్టెల పొయ్యి మీద కాచి బకెట్‌తో ఇస్తారు. రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది. చలి బాగా ఉంటుంది, ఇంకో దుప్పటి తీసుకెళ్ళాల్సింది.

తిండి మాత్రం మనసారా తిన్నాం. పొద్దున చోడంబలి, పక్కన పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. మధ్యాహ్నం సామల అన్నం, వాళ్ళ చేలోనే పండిన రాజ్మా గింజల కూర, చింతపండు పచ్చడి. అంతా అడ్డాకుల విస్తట్లో. తిన్నాక ఆ విస్తళ్ళు నేరుగా పెంటకుప్పలోకి వెళ్ళాయి. అత్తగారు రెండోసారి అన్నం అడిగి పెట్టించుకోవడం నేను ఏడాదిగా చూడలేదు.

ఇంటి వెనక నీడలో నీలం డ్రమ్ము మీద గోనెపట్టా కప్పి ఉంది. పట్టా తీసి ఆ ఇంటి అక్క కర్రతో తిప్పుతుంటే పులిసిన బెల్లం వాసన, దాని వెనకే పేడ వాసన వచ్చాయి. జీవామృతం అది, రసాయన ఎరువులకు బదులు చేలోకి వదిలేది. రెండు వందల లీటర్ల నీళ్ళకు పది కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, చేనిగట్టు నుంచి గుప్పెడు మట్టి. రెండు రోజులు పులియనిచ్చి, పూటపూటా తిప్పి, పారే నీళ్ళతో కలిపి వదులుతారు. ‘ఆ మట్టి ఎందుకక్కా?’ అంటే, ‘పెరుగుకి తోడు వెయ్యమా అమ్మా, అలాంటిదే’ అంది. మట్టిలోని సూక్ష్మజీవులకు బెల్లమూ పిండీ ఆహారమని ఎన్నోచోట్ల చదివాను గానీ, ఆ ఒక్క మాటతోనే నాకు బాగా అర్థమైంది.

కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాల తీగలు పాకించారు. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. నిటారుగా, త్వరగా పెరుగుతుందని నీడకు వేస్తారు. ఈ రైతు వాటి మధ్య పనస, మామిడి కూడా ఉంచారు. ఎర్రగా పండిన కాయలే ఏరి కోయాలి, పచ్చివి కలిస్తే రుచి చెడుతుంది. అందుకే ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు రావాలి. మా వాడు గంటసేపు కోస్తే బుట్ట అడుగు కూడా నిండలేదు. గింజ తీసేశాక మిగిలిన తొక్కను వాగులో పారబోయకుండా కుళ్ళబెట్టి ఎరువు చేస్తారు. వాగులో పడితే కింది ఊళ్ళవాళ్ళ నీళ్ళు పాడవుతాయి.

సర్టిఫికెట్ ఉందా అని అడిగాను. సొంతంగా లేదన్నారు. నాకది తప్పుగా అనిపించలేదు. ఆర్గానిక్ ముద్ర రావాలంటే కాఫీలాంటి బహువార్షిక పంటకు మూడేళ్ళు, ఏడాది పంటలకు రెండేళ్ళు, రసాయనాలు మానేసి ఆర్గానిక్‌కు మారే కాలం గడవాలి, ఖర్చూ భరించాలి. నేరుగా కొనేవాళ్ళకు అమ్ముకునే చిన్న రైతులకు ఆ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది. ప్యాకెట్ కట్టి దుకాణంలో ఆర్గానిక్ పేరుతో అమ్మే సరుకు మీద మాత్రం ప్రభుత్వ ఆర్గానిక్ గుర్తు ఉందో లేదో చూడాల్సిందే. రాష్ట్రంలో 2016 నుంచి పెద్దయెత్తున నడుస్తున్న ప్రకృతి వ్యవసాయం (ఇలా జీవామృతం లాంటివాటితో చేసేది), సర్టిఫికెట్ ఉన్న ఆర్గానిక్ ఒకటే కావు. అంగళ్ళలో రెండు మాటలనూ కలిపేస్తున్నారు.

కాఫీ పొడి కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అయినా అరకు పేరుతో అమ్మే ప్యాకెట్లన్నీ అచ్చమైన కాఫీ కావు. చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసే పొడి) ఎంత శాతం కలిపారో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. మేం గిరిజన సహకార సంస్థ దుకాణంలో తేనె, చింతపండు తీసుకున్నాం. ధర బోర్డు మీదే ఉంటుంది, బేరం పని లేదు. దారిలో బొంగు చికెన్ (వెదురు బొంగులో కాల్చిన కోడి) కూడా తిన్నాం. రుచికి వంక పెట్టలేం గానీ, కోడి ఏ ఫారం నుంచి వచ్చిందో అమ్మేవాళ్ళకే తెలియదు.

ఆ ఇంట్లో మూడు పూటల భోజనంతో రోజుకు మనిషికి తొమ్మిది వందలు తీసుకున్నారు. రిసార్టులో గది అద్దె ఒక్కటే నాలుగున్నర వేలు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు మరుగుదొడ్డి సంగతి ముందే కనుక్కోండి. వచ్చే వేసవికల్లా గది పక్కనే కడతామని ఆ రైతు అన్నారు. అక్కడ సిగ్నల్ ఉండదు కాబట్టి, ఆయన సంతకు వచ్చే రోజు చూసి ఫోన్ చేయాలి. మేం సంక్రాంతి తర్వాత మళ్ళీ వస్తామని చెప్పి, రెండు కట్టల అడ్డాకు విస్తళ్ళు, ఐదు కిలోల చోళ్ళు మూటగట్టుకుని రైలెక్కాం.