కారణం తెలియని గుండె వేగానికి కోడ్ ఏది: ఒక మెడికల్ కోడింగ్ శిక్షణపై సమీక్ష

అమీర్‌పేటలోని ఒక సంస్థ మెడికల్ కోడింగ్ (రోగి చార్టులోని జబ్బులకు బీమా క్లెయిమ్ కోసం కోడ్‌లు వేసే పని) శిక్షణలో భాగంగా చెప్పే గుండె జబ్బుల తరగతుల్లో, టాకీకార్డియా (గుండె మరీ వేగంగా కొట్టుకోవడం) పాఠం ఒక్కటే విడిగా సమీక్షించదగినంత బాగుంది. మన దగ్గర కోడర్లకు వచ్చే చార్టుల్లో చాలా భాగం అమెరికా ఆసుపత్రులవి కాబట్టి, పాఠమంతా అక్కడ వాడే జబ్బుల కోడ్‌ల జాబితా ఐసీడీ-10-సీఎం ప్రకారమే సాగుతుంది.

బోధకురాలు కోడ్‌తో కాకుండా రోగనిర్ధారణతో మొదలుపెట్టారు. విశ్రాంతిగా ఉన్న పెద్దవారి గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవాలి. అది 100 దాటినప్పుడు వైద్యులు ముందుగా జ్వరం, రక్తహీనత, ఒంట్లో నీరు తగ్గడం, థైరాయిడ్, సాల్బుటమాల్ వంటి మందులు కారణమా అని చూస్తారనీ, ఈసీజీలో తేలకపోతే గుండె లయను ఎక్కువసేపు నమోదు చేసే హోల్టర్ పరికరం పెడతారనీ ఆమె ఓపికగా వివరించారు. ఇదంతా కోడర్‌కు ఎందుకని కొందరు అనుకోవచ్చు. కానీ రిపోర్టులో థైరాయిడ్ రక్తపరీక్ష విలువ టీఎస్‌హెచ్ తక్కువగా కనిపించినంత మాత్రాన, వైద్యుడు రాయని థైరాయిడ్ జబ్బుకు మనం కోడ్ వేయకూడదన్న నియమం ఎంత అవసరమో, ఆ పరీక్షల అర్థం తెలిసినవారికే బాగా బోధపడుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది అనుమానిత నిర్ధారణల గురించి చెప్పిన భాగం. ఓపీ చార్టులో "బహుశా ఎస్‌వీటీ" (గుండె పైగదుల నుంచి మొదలయ్యే టాకీకార్డియా) అని ఉంటే, ఆ జబ్బు కోడ్ అయిన ఐ47 జోలికి పోకుండా, వైద్యుడు నమోదు చేసిన టాకీకార్డియాకు లక్షణాల కోడ్ ఆర్00.0 వేయాలి, రోగి గుండెదడ అన్నాడని మాత్రమే రాసి ఉంటే ఆర్00.2 సరిపోతుంది. అదే "బహుశా ఎస్‌వీటీ" అన్న మాట ఇన్‌పేషెంట్ డిశ్చార్జ్ సమరీలో తుది నిర్ధారణగా ఉంటే, జబ్బు ఉన్నట్టుగానే కోడ్ చేయవచ్చు. కొత్తవారు తడబడే ఈ తేడాను ఒకే రోగి చార్టును రెండు సందర్భాల్లోనూ చూపించి నేర్పారు. తేలని జబ్బును తేలలేదనే నమోదు చేయడం రోగి పట్ల న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే పొరపాటున వేసిన గుండె జబ్బు కోడ్ అతని రికార్డులో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది.

అయితే వారిచ్చిన పుస్తకం పాతది. 2023 అక్టోబరు 1 నుంచి ఎస్‌వీటీ కోడ్ ఐ47.1 విడిపోయి ఐ47.10, ఐ47.11, ఐ47.19గా మారింది; పాత కోడ్ వేస్తే క్లెయిమ్ తిరిగి వస్తుంది. వైద్యుడు "ఇనప్రోప్రియేట్ సైనస్ టాకీకార్డియా" (తగిన కారణం లేకుండా గుండె వేగం పెరగడం) అని స్పష్టంగా రాసినప్పుడు వాడవలసిన ఐ47.11 గురించి నోటిమాటగా చెప్పారే తప్ప, పుస్తకంలో లేదు. లేచి నిలబడగానే గుండె వేగం పెరిగే పాట్స్‌కు 2022 అక్టోబరులో వచ్చిన జీ90.ఏ కూడా అందులో కనిపించలేదు. చార్టు అస్పష్టంగా ఉన్నప్పుడు, జవాబును మనమే సూచించకుండా వైద్యుడికి క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) ఎలా రాయాలన్నదానికి కనీసం మరొక తరగతి కేటాయించి ఉండవలసింది.

ఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ చదివినవారికి ఈ బోధనను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, కానీ ఫీజు కట్టే ముందు పుస్తకం ఏ సంవత్సరానిదో అడిగి చూడండి.