ఆగ్జిలరీ లైట్ల స్విచ్: హిమాలయన్ మీద మూడేళ్ల వాడకం తర్వాత

నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బండికి ఆగ్జిలరీ లైట్లు (హెడ్‌లైటుకి తోడుగా పెట్టే అదనపు లైట్లు) పెట్టి మూడు చలికాలాలు దాటాయి. లైట్ల వెలుతురు గురించి అడిగేవాళ్లే గానీ, వాటిని వేసే స్విచ్ గురించి అడిగినవాళ్లు ఇంతవరకు నాకు తగల్లేదు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం స్విచ్చే.

మాది నర్సీపట్నం. పని మీద వారానికోసారైనా చింతపల్లి వెళ్లాలి. డిసెంబరులో తెల్లవారుజామున డౌనూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే, లంబసింగి దగ్గరకొచ్చేసరికి మంచులో రోడ్డు అంచు కూడా ఆనదు. హై బీమ్ వేశామా, ఎదురుగా తెల్లగోడ కట్టినట్టే. అందుకే లెగ్ గార్డుకి కింద భాగంలో 20 వాట్ల లైట్లు రెండు, పసుపు కవర్లు వేసి బిగించుకున్నాను.

మొదట ఒక షాపులో చేయించాను. బ్యాటరీ ప్లస్ నుంచి స్విచ్‌కి ఒక వైరు, అక్కడి నుంచి నేరుగా లైట్లకి ఇంకొకటి. రిలే (స్విచ్ నుంచి కొద్ది కరెంటు అందగానే లైట్ల పెద్ద కరెంటును తానే కలిపే చిన్న డబ్బా) లేదు, ఫ్యూజు లేదు. రెండు లైట్లకీ కలిపి 40 వాట్లు, అంటే 12 వోల్టుల మీద మూడు ఆంపియర్ల పైమాటే. అదంతా హ్యాండిల్ మీది చిన్న స్విచ్ కాంటాక్టుల గుండానే పోయింది. నెలన్నర తిరక్కముందే స్విచ్ వేడెక్కడం, కమురు వాసన మొదలయ్యాయి. తాళం తీసినా లైట్లు ఆరవు కాబట్టి ఒక రాత్రి వెలుగుతూనే ఉండిపోయి, పొద్దున సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోయింది. బ్యాటరీ ఖాళీ. ఫ్యూజు లేకుండా ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఆ ఆదివారం సీటు, ట్యాంకు విప్పి మొత్తం పీకేసి నేనే మళ్లీ వేసుకున్నాను. బ్యాటరీ ప్లస్ పక్కనే 7.5 ఆంపియర్ల ఫ్యూజు. అక్కడి నుంచి రిలే 30వ పిన్నుకి, అంటే పెద్ద కరెంటు లోపలికి వచ్చే చోటికి. అది బయటికి వెళ్లే 87 నుంచి లైట్లకి. రిలేని పనిచేయించే కాయిల్ పిన్నులు 86, 85. 86కి టెయిల్ లైటు వైరు నుంచి కొమ్మ తీసి, మధ్యలో స్విచ్ పెట్టాను. 85 ఎర్త్. టెయిల్ లైటు వైరే ఎందుకంటే, ఈ బండికి తాళం తిప్పితేనే అందులో సప్లై వస్తుంది. మల్టీమీటరు పెట్టి చూశాకే కోశాను: తాళం ఆపితే సున్నా, తిప్పితే 12.4 వోల్టులు. ఇప్పుడు స్విచ్ మోసేది రిలే కాయిల్ కరెంటే, ఆంపియరులో ఆరో ఏడో వంతు. మూడేళ్లలో స్విచ్ ఒక్కసారి కూడా వేడెక్కలేదు. తాళం తీస్తే లైట్లు వాటంతటవే ఆరిపోతాయి.

కొందరు కొమ్మను హై బీమ్ నుంచి తీస్తారు. మైదానంలో హైవే మీద తిరిగేవాళ్లకు అది బాగానే ఉంటుంది. మంచులో తిరిగేవాళ్లు అలా చేయొద్దు. మనకు లో బీమ్‌తో పాటు ఇవి వెలగాలి, హై బీమ్ ఆరి ఉండాలి.

స్విచ్ విషయంలో నా మాట ఒకటే: గ్లౌజు వేసుకుని, కళ్లు రోడ్డు మీద ఉంచి, బొటనవేలితో ఆపగలగాలి. మొదటిది గుండ్రటి నొక్కుడు బటన్. నొక్కితే వెలిగిందో ఆరిందో వేలికి తెలిసేది కాదు. ఇప్పుడున్నది 22 మిల్లీమీటర్ల హ్యాండిల్‌కి బిగించే, పక్కకి జరిపే రకం. ఎటు ఉందో తడిమితే చాలు. మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు కనపడగానే ఆపేస్తాను. ఆ డ్రైవరు కళ్లలో వెలుతురు కొడితే ఇద్దరికీ ప్రమాదమే.

లోపాలు లేకపోలేదు. రెండో వానాకాలంలో స్విచ్ వేసినా ఒకోసారి లైట్లు వెలిగేవి కావు. విప్పి చూస్తే రాగి కాంటాక్టు మీద పచ్చటి చిలుము. గీకి, కాంటాక్టు క్లీనరు కొట్టి, తడి చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పూశాను. వైరు లోపలికి వెళ్లే రంధ్రం పైకి ఉండటమే అసలు కారణం. స్విచ్‌ను కాస్త తిప్పి ఆ రంధ్రం నేలవైపు ఉండేలా బిగించాక మళ్లీ నీరు చేరలేదు.

ఇంకొకటి, కిందటేడు. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పితే లైట్లు ఆరేవి. రిలే పోయిందనుకుని రెండు రోజులు వెతికాను. స్టీరింగ్ మెడ దగ్గర వైరును కేబుల్ టైతో బిగించి కట్టేశాను. తిప్పిన ప్రతిసారీ లాగి లాగి, పైన తొడుగు బాగానే ఉన్నా లోపల తీగపోగులు తెగిపోయాయి. వేళ్లతో నొక్కుతుంటే అక్కడ మెత్తగా వంగింది. ఆ ముక్క తీసేసి, సోల్డరింగ్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం తొడుగు) వేసి, నాలుగు వేళ్ల వదులు ఇచ్చాను. ఇన్సులేషన్ టేపు మాత్రం వాడకండి, ఇంజను వేడికి జిగురు కారి ఊడిపోతుంది.

స్విచ్ మీద ఆకుపచ్చ ఇండికేటరు ఒకటి ఉంది. చీకట్లో సూటిగా కంట్లో పడుతుంది. దాని మీద నల్ల టేపు ముక్క అతికించాను, అది ఇంకా అలాగే ఉంది.