ట్రయల్స్‌కి ఎలక్ట్రిక్ బండి మేలా, పెట్రోల్ బండి మేలా? నేనైతే క్లచ్ చూసి చెప్తా

ఈ మధ్య ట్రయల్స్ (కాలు కింద పెట్టకుండా రాళ్ళూ గట్లూ బండి మీద దాటే పోటీ) ఆడేవాళ్ళు ఎవరు కలిసినా ఇదే ప్రశ్న, "ఎలక్ట్రిక్‌కి మారిపోవచ్చా, ఇంకో రెండేళ్ళు ఆగాలా, లేకపోతే టూ స్ట్రోకే నయమా" అని. నేను పోయినేడు నా 300 సీసీ టూ స్ట్రోక్ ఇచ్చేసి క్లచ్ ఉన్న ఎలక్ట్రిక్ బండి తెచ్చుకున్నా, దానికి ముందు ఒక ఫ్రెండ్ దగ్గరున్న క్లచ్ లేని ఎలక్ట్రిక్ బండి మీద కూడా కొన్ని నెలలు ప్రాక్టీస్ చేశా. అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. పోటీ రూల్స్ జోలికి ఇక్కడ పోను.

చాలామంది ఈ పోలికని బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి బ్యాటరీ దగ్గరే ఆపేస్తారు. ఎంతసేపు వస్తుంది, ఎంతసేపట్లో ఛార్జ్ అవుతుంది, ఇవే లెక్కలు. నా దృష్టిలో తేల్చాల్సింది అది కాదు. ఎడమ చేతి వేలి కింద క్లచ్ లివర్ ఉందా, ఉంటే దాని వెనకాల తిరుగుతూ ఉండే బరువు ఉందా, అదీ ప్రశ్న. అందుకే నేను "పెట్రోలా ఎలక్ట్రికా" అని రెండుగా చూడను, పెట్రోల్, క్లచ్ ఉన్న ఎలక్ట్రిక్, క్లచ్ లేని ఎలక్ట్రిక్ అని మూడుగా చూస్తా, ఎందుకంటే ఈ రెండు ఎలక్ట్రిక్‌ల మధ్య ఉన్న తేడా, క్లచ్ ఉన్న ఎలక్ట్రిక్‌కీ పెట్రోల్‌కీ ఉన్న తేడా కన్నా పెద్దది.

నడుమెత్తు రాయి ముందు బండి పెట్టుకుని నిలబడ్డప్పుడు మనం ఏం చేస్తామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రాయికీ మనకీ మధ్య మహా అయితే ఒక బండి పొడవు జాగా ఉంటుంది, స్పీడ్ అందుకునే వీలే లేదు. క్లచ్ పట్టుకుని రేజ్ చేస్తాం, లోపల ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) వేగం అందుకుంటుంది, సస్పెన్షన్ నొక్కి, ముందు చక్రం లేపి, సరిగ్గా ఆ క్షణంలో చూపుడు వేలు వదిలేస్తాం. ఆ అర సెకనులో వెనక టైర్‌కి వెళ్ళేది ఇంజన్ అప్పటికప్పుడు పుట్టించే పవర్ ఒక్కటే కాదు, అంతకుముందు రేజ్ చేసి ఫ్లైవీల్‌లో దాచిపెట్టింది కూడా మొత్తం ఒక్కసారే వచ్చి పడుతుంది. ఒక రకంగా అది మనం చేత్తో నింపుకుని చేత్తోనే ఖాళీ చేసుకునే చిన్న బ్యాటరీ.

క్లచ్ లేని ఎలక్ట్రిక్‌లో ఈ దాచిపెట్టడం అనేదే లేదు. మోటార్‌కి సున్నా నుంచే ఫుల్ టార్క్ ఉంటుంది అంటారు, నిజమే, కానీ ఆ క్షణంలో కావాల్సిందంతా ఆ క్షణంలోనే బ్యాటరీ నుంచి, మోటార్‌కి కరెంట్ కొలిచి పంపే కంట్రోలర్ గుండా రావాలి, కంట్రోలర్ ఎంతవరకు వదిలితే అంతే. పైగా పనంతా కుడి మణికట్టు మీద పడుతుంది. రాయి అంచుకి వెనక చక్రం తగిలి బండి ఒక్క కుదుపు కుదిపినప్పుడు ఒళ్ళు వెనక్కి వెళ్తుంది, ఒళ్ళుతో పాటు మణికట్టు కూడా తిరుగుతుంది, అంటే మనం పవర్ తగ్గించాలనుకున్న చోటే ఇంకా పెరుగుతుంది. క్లచ్ ఉంటే అలాంటప్పుడు ఒక వేలు లాగితే చాలు, కుడి చెయ్యి ఏం చేసినా చక్రానికి పవర్ అందదు.

ఇది నాకు ఒకే రాయి మీద అర్థమైంది. నేను రోజూ ప్రాక్టీస్ చేసే చోట తొడ ఎత్తు రాయి ఒకటుంది, పైన కొంచెం గుండ్రంగా ఉంటుంది, నాచు పట్టి ఉంటుంది. క్లచ్ లేని బండితో దాన్ని ఎక్కడానికి రెండు బండి పొడవులు వెనక్కి వెళ్ళి ఊపు తెచ్చుకుని వచ్చేవాణ్ణి, పదిసార్లలో ఆరుసార్లు ఎక్కేది. అదే రాయి ముందు చక్రం ఆనించి నిలబడి ఎక్కమంటే ఒక్కసారి కూడా ఎక్కలేకపోయా. క్లచ్ ఉన్న ఎలక్ట్రిక్ తెచ్చాక రెండో రోజే చక్రం ఆనించిన చోట నుంచే పైకి వెళ్ళా, ఎందుకంటే చెయ్యికి పాత టూ స్ట్రోక్ మీద అలవాటైన పనే అది, కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఏం లేదు. మోటార్ చప్పుడు తక్కువ కాబట్టి ఎంత రేజ్ చేశానో చెవికి సరిగ్గా తెలియకపోవడం ఒక్కటే ఇబ్బంది, దానికి ఒక నెల పట్టింది.

తయారీదార్లకీ ఈ సంగతి తెలిసే ఉంది. యమహా 2018లో టీవై-ఈ అనే ఎలక్ట్రిక్ ట్రయల్స్ బండి చూపించినప్పుడే దాంట్లో మెకానికల్ క్లచ్ పెట్టింది, ఆ ఏడాదే జపాన్ రైడర్ కెనిచి కురొయామా దాని మీద ఎలక్ట్రిక్ బళ్ళకి పెట్టిన వరల్డ్ ట్రయల్-ఈ కప్‌లో రెండో స్థానం తెచ్చుకున్నాడు. ఫ్రాన్స్ కంపెనీ ఎలక్ట్రిక్ మోషన్ మొదట్లో క్లచ్ లేకుండానే బళ్ళు చేసింది, తర్వాత ఎప్యూర్ రేస్ అనే మోడల్‌లో క్లచ్ పెట్టింది, త్రాటిల్ వదిలేసినా మోటార్ ఐడిలింగ్‌లో తిరుగుతూనే ఉండేలా ఒక ఏర్పాటు కూడా చేసింది. ఆ ఐడిలింగ్ ఎందుకంటే తిరుగుతున్న బరువు లేకపోతే వేలు వదిలినప్పుడు చక్రానికి వెళ్ళడానికి ఏమీ ఉండదు కాబట్టి. ఎలక్ట్రిక్‌కి క్లచ్ ఎందుకండీ, గేర్లే అక్కర్లేదు కదా అని అడిగేవాళ్ళకి నా సమాధానం ఇదే. రోడ్డు మీద క్లచ్ గేర్లు మార్చడానికి, ట్రయల్స్‌లో క్లచ్ పవర్‌ని కొలిచి వదలడానికి.

ఇక బ్యాటరీ. దీని గురించి భయం ఎక్కువ, లెక్క తక్కువ, అందుకని ఒకసారి లెక్కే వేద్దాం. బండి 75 కేజీలు, మనిషి 75 కేజీలు, మొత్తం 150 కేజీల్ని ఒక మీటర్ పైకి లేపడానికి అయ్యేది 0.41 వాట్ అవర్. అలాంటి మీటర్ రాళ్ళు వంద ఎక్కినా 41 వాట్ అవర్లు. టైర్ స్పిన్ అయ్యిందీ క్లచ్‌లో వేడిగా పోయిందీ కలుపుకుని దాన్ని నాలుగింతలు చేసినా 165 దాటదు. బ్యాటరీ 1.8 కిలోవాట్ అవర్లది అనుకుంటే పదో వంతు కూడా కాదు. సెక్షన్ (పాయింట్లు లెక్కించే రాళ్ళ దారి) దగ్గర లైన్‌లో నిలబడి మన వంతు కోసం చూసే టైంలో పెట్రోల్ బండి ఐడిలింగ్‌లో తాగుతూనే ఉంటుంది, ఎలక్ట్రిక్‌కి దాదాపు ఏ ఖర్చూ లేదు. కాబట్టి సెక్షన్లు బ్యాటరీని తినవు, తినేది ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి వెళ్ళే దారి. బురదలో, గడ్డిలో, 5 పీఎస్ఐ కూడా లేని మెత్తటి వెనక టైర్ మీద కిలోమీటర్లకి కిలోమీటర్లు నడపడమే అసలు ఖర్చు.

పెట్రోల్‌కి ఇక్కడ తిరుగులేదు. లీటర్ పెట్రోల్‌లో దాదాపు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది, చిన్న ఇంజన్ అందులో ఆరో వంతే చక్రానికి అందించినా 1.5 వస్తుంది. అంటే ఎలక్ట్రిక్ బండి మోసుకెళ్ళేది సుమారు ఒక లీటర్ పెట్రోల్‌తో సమానం, పెట్రోల్ బండి ట్యాంక్‌లో రెండు, రెండున్నర లీటర్లు ఉంటాయి, అయిపోతే నిమిషంలో మళ్ళీ పోసుకోవచ్చు. స్కాట్లండ్‌లో ఫోర్ట్ విలియం చుట్టూ జరిగే స్కాటిష్ సిక్స్ డేస్ లాంటి పోటీలో ఆరు రోజులు, రోజుకి 30 సెక్షన్లు, మధ్యలో కొండలూ రోడ్డూ కలిపి బోలెడు దూరం. అలాంటిదానికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఇవాళ్టికి పెట్రోల్ బండే కొనుక్కోండి, నేనూ అదే చేస్తా. ఒకే చోట చిన్న లూప్‌లో తిరిగి తిరిగి ఆడే క్లబ్ పోటీలకైతే బ్యాటరీ అడ్డు కాదు, నేను సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎప్పుడూ మూడో వంతు మిగిలే ఉంటుంది.

సౌండ్ గురించి మాట్లాడితే అందరూ పక్కింటివాళ్ళ గురించి చెప్తారు, అది నిజంగా పెద్ద లాభమే, ప్రాక్టీస్ చేసే జాగాలు పోవడానికి చప్పుడు మీద వచ్చే ఫిర్యాదులు పెద్ద కారణం. వారానికి ఒక్క ఆదివారం ఆడేవాడు, రోజూ సాయంత్రం అరగంట ఆడేవాడు ఒకటి కాదు, ఎలక్ట్రిక్ మనల్ని రెండోవాణ్ణి చేస్తుంది. కానీ నేను అనుకోనిది ఇంకోటి దొరికింది. టైర్ వినిపిస్తుంది. తడి రాతి మీద వెనక టైర్ పట్టు వదలబోయే ముందు సన్నగా బర్రున రాసుకుంటున్న చప్పుడు వస్తుంది, పట్టు దొరికాక ఆగిపోతుంది. టూ స్ట్రోక్ మీద ఇన్నేళ్ళూ అది నా చెవిన పడలేదు, కాళ్ళ కింద ఫుట్‌పెగ్స్‌లో తెలిసినంత వరకే. ఇప్పుడు జారకముందే చెవికి తెలుస్తోంది, వేలు అర మిల్లీమీటర్ లాగితే మళ్ళీ పట్టు దొరుకుతుంది. పక్కన నిలబడి దారి చెప్పే మైండర్ మామూలు గొంతుతో "ఎడమకి" అన్నా వినిపిస్తుంది.

ఎలక్ట్రిక్‌తో ఇబ్బందులు లేవని కాదు. మంచి టూ స్ట్రోక్ 65, 70 కేజీల మధ్య ఉంటుంది, ఎలక్ట్రిక్ ఇంకో ఐదారు కేజీలు ఎక్కువ, గాల్లోనే వెనక చక్రం పక్కకి జరపాల్సి వచ్చినప్పుడు ఆ ఐదు కేజీలూ తెలుస్తాయి. నిటారు ఎక్కుడు వరసగా చేస్తే కంట్రోలర్ వేడెక్కి పవర్ తగ్గించేస్తుంది, చలిలో బ్యాటరీ నీరసపడుతుంది. వీటన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఒకటుంది. పెట్రోల్ బండి ఆన్‌లో ఉంటే చెవికి తెలుస్తుంది, దీనికి తెలియదు. మొదటి వారంలో పడిపోయిన బండిని లేపుతూ కుడి గ్రిప్ గట్టిగా పట్టుకున్నా, అది కాస్తా తిరిగి బండి నా చేతుల్లోంచి దూసుకెళ్ళి ఎదురుగా ఉన్న గట్టుకి కొట్టుకుంది, ముందు మడ్‌గార్డ్ విరిగింది, అదృష్టం కొద్దీ అటువైపు మనుషులెవరూ లేరు. అప్పటినుంచి మణికట్టుకి కట్టుకునే మాగ్నెట్ లానియార్డ్ (లాగితే మోటార్ ఆగిపోయే తాడు) లేకుండా ఎక్కడం లేదు, దిగగానే ముందు అది లాగి తర్వాతే బండి ముట్టుకుంటా. మీరూ ఇది అలవాటు చేసుకోండి, దయచేసి.

పోటీల్లో పైస్థాయి సంగతి. స్పెయిన్ రైడర్ టోనీ బౌ 2007 నుంచి ప్రతి ఏడూ గెలుస్తూ వచ్చిన అవుట్‌డోర్ వరల్డ్ టైటిళ్ళు పెట్రోల్ మోంటెసా బండి మీదే తెచ్చుకున్నాడు, ఎలక్ట్రిక్ వద్దనేవాళ్ళు ఇదే చూపిస్తారు. నాకు మాత్రం 1964 గుర్తొస్తుంది. అప్పట్లో సామీ మిల్లర్ 500 సీసీ ఫోర్ స్ట్రోక్ ఏరియల్ మీద తిరుగులేని రైడర్, అలాంటివాడు ఆ బండి వదిలేసి స్పెయిన్ టూ స్ట్రోక్ బుల్టాకోకి మారాడు, మరుసటి ఏడు 1965లో దాని మీదే స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. ఆ తర్వాత బరువైన పెద్ద ఫోర్ స్ట్రోక్‌ల కాలం ఎంతో కాలం సాగలేదు. ఇప్పుడు అలాంటి సంకేతమే జపాన్ నుంచి వచ్చింది, 2004 వరల్డ్ చాంపియన్ తకహిసా ఫుజినామి రిటైరయ్యాక కూడా 2024లో హోండా ఆర్‌టీఎల్ ఎలక్ట్రిక్ మీద జపాన్ నేషనల్ చాంపియన్‌షిప్‌లో దిగి మొదటి పోటీలోనే గెలిచాడు. ఎదురుగా పెట్రోల్ బళ్ళ మీద ఉన్నవాళ్ళూ ఉన్నారు.

ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ కూడా ఉంది కదా అంటారేమో, ఉంది, పట్టు బాగుంటుంది, బరువూ సర్వీసింగూ ఎక్కువ, నడిపి చూసి మనసుకి నచ్చితే తీసుకోండి. సన్నటి ఎలక్ట్రిక్ డర్ట్ బైకులు కొందరు ట్రయల్స్‌కి వాడుతున్నారు, స్టీరింగ్ తిరగదు, సీట్ అడ్డం, వద్దు. పిల్లలకైతే ఆలోచించే పనే లేదు, ఒసెట్ లాంటి చిన్న ఎలక్ట్రిక్ బళ్ళే మేలు, సీట్ లేకుండా నిలబడటం, బ్యాలెన్స్, చూపు ఎక్కడ పెట్టాలి అన్నవి క్లచ్ గొడవ లేకుండా వచ్చేస్తాయి. ఆ కంపెనీని ఇయాన్ స్మిత్ 2004లో తన చిన్న కొడుకు కోసం చేసిన బండితోనే మొదలుపెట్టాడు, 2022లో ట్రయంఫ్ కొనుక్కుంది. కాకపోతే పదకొండు పన్నెండేళ్ళకి క్లచ్ ఉన్న బండి ఎక్కించండి, ఆలస్యమయ్యేకొద్దీ ఎడమ చెయ్యి మొండికేస్తుంది, ఇది నేను ఇద్దరు పిల్లల విషయంలో చూశా.

కొనేముందు నడిపి చూడమని ఎవరైనా ఇస్తే మైదానంలో రౌండ్లు కొట్టి ఇచ్చేయకండి. మోకాలెత్తు రాయి ఒకటి చూసుకుని ముందు చక్రం దానికి ఆనించి, పూర్తిగా నిలబెట్టి, అక్కడి నుంచే ఎక్కండి. తర్వాత దాని మీద ఆగి, రెండు సెకన్లు కదలకుండా నిలబడి, దిగేటప్పుడు త్రాటిల్ పూర్తిగా వదిలేసి వెనక చక్రం ఎలా దిగుతుందో చూడండి. ఊపు లేకుండా ఎక్కనిచ్చిన బండి ఏదైనా సరే, పెట్రోలైనా కరెంటైనా, తీసుకోండి.