క్లాసు లేని వేళ స్పారింగ్‌కి చోటు: కొన్నేళ్లు వాడి చూశాక

కిక్ బాక్సింగ్‌తో మొదలుపెట్టి తర్వాత జూజిత్సులోకి, అంటే పట్లు పట్టి కలబడే విద్యలోకి, వచ్చినవాణ్ణి. ఏ క్లాసుకెళ్లినా ఒకటే తంతు. వార్మప్, టెక్నిక్, డ్రిల్స్ అయ్యేసరికి టైమంతా అయిపోతుంది, స్పారింగ్‌కి, అంటే జోడీతో తలపడి ఆడే సాధనకి, చివర్లో కాస్త మిగులుతుంది. మనిషికి రెండు రౌండ్లు దొరికితే గొప్ప. అందుకే క్లాసు బయట చోట్లు వెతుక్కోవడం అలవాటైంది. ఓపెన్ మ్యాట్లు, అద్దె హాళ్లు, పార్కు, గ్యారేజీ, ఇసుక, అన్నీ వాడాను. కొన్ని ఇప్పటికీ వాడుతున్నాను, కొన్నిటికి దణ్ణం పెట్టేశాను.

కొత్త చోటు చూసినప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: ఇక్కడ అనుకోకుండా వెల్లకిలా పడితే తలకి ఏమవుతుంది? అక్కడ ఏ ఆట ఆడొచ్చో ఆ జవాబే చెప్పేస్తుంది. మిగతావన్నీ, అంటే గాలి, వెలుతురు, దూరం, తర్వాత సంగతి.

అన్నిటికంటే మేలు ఓపెన్ మ్యాట్. జూజిత్సు జిమ్ముల్లో ఇది మామూలే. వారంలో ఒక పూట పాఠం లేకుండా మ్యాట్ వదిలేస్తారు, ఎవరికి కావలసిన రౌండ్లు వాళ్లు ఆడుకోవచ్చు. చాలాచోట్ల బయటివాళ్లనీ రానిస్తారు. కాకపోతే వెళ్లేముందు మన కోచ్‌కి ఒక మాట, అక్కడి కోచ్‌కి ఒక మెసేజ్ తప్పనిసరి. కొందరు మాస్టర్లకి తమ స్టూడెంట్స్ ఇంకో జిమ్ముకి వెళ్తే నచ్చదు. ఆ సంగతి ముందే తెలుసుకోవడం మేలు, తర్వాత మూడో మనిషి ద్వారా చేరితే మాటలొస్తాయి. గోళ్లు తీసుకుని, ఉతికిన బట్టలతో వెళ్లండి. మ్యాట్ దిగితే చెప్పులు వేసుకోండి, బాత్రూమ్‌కి వట్టి కాళ్లతో వెళ్లి మళ్లీ మ్యాట్ ఎక్కేవాడి వల్లే తామర జిమ్మంతా పాకుతుంది.

ఓపెన్ మ్యాట్‌లో ఉన్న ఇబ్బంది కొత్త మనుషులే. మొదటి రౌండ్‌లో ప్రతివాడూ కొత్తవాణ్ణి తూకం వేస్తాడు. నేను చేతులు కలిపేటప్పుడే "మెల్లగా మొదలుపెడదాం, మోకాలు కాస్త జాగ్రత్త" అని చెప్పేస్తాను. అప్పుడు ఎదుటివాడు "అలాగే అన్నా" అంటే రౌండ్ బాగుంటుంది. నవ్వి ఊరుకుంటే మాత్రం నేను కింద పడుకుని గార్డ్ మూసుకుంటాను, అంటే కాళ్లతో అతని నడుము బిగించి పట్టుకుంటాను, బజర్ మోగేదాకా. గ్రాప్లింగ్‌లో, అంటే పట్ల ఆటలో, ఉన్న సుఖం ఏమిటంటే, ట్యాప్ చేస్తే (చేత్తో తడితే) ఆట ఆగుతుంది. పిడిగుద్దులకి ఆ సదుపాయం లేదు. అందుకే ఓపెన్ మ్యాట్ లాంటిది స్ట్రైకింగ్ (గుద్దులు, తన్నులు నేర్పే) జిమ్ముల్లో తక్కువ, ఉన్నా కోచ్ కళ్లెదుటే జరుగుతుంది. అలా ఉండటమే మంచిది.

దాని తర్వాత నా ఓటు మన జిమ్మే, ఖాళీ వేళల్లో. అడగడానికి మొహమాటపడతాం కానీ, క్లాసుకీ క్లాసుకీ మధ్య మ్యాట్ ఊరికే పడి ఉంటుంది. నేను అడిగితే మాస్టర్ గారు రెండే షరతులు పెట్టారు: సీనియర్ ఒకరు ఉండాలి, వెళ్లేముందు మ్యాట్ తుడవాలి. ఇన్నాళ్లూ ఇంతకంటే చవకైన, భద్రమైన ఏర్పాటు నాకు దొరకలేదు. కొత్త స్టైల్ చూడాలన్న సరదా మాత్రం ఇక్కడ తీరదు, ఎప్పుడూ అవే ముఖాలు, అవే గుద్దులు.

అద్దె హాలు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. డ్యాన్స్ స్టూడియో చూడగానే నచ్చుతుంది. అద్దాలు, నున్నటి నేల, ఏసీ. రెండో రౌండ్ అయ్యేసరికి వినైల్ నేల మీద చెమట బొట్లు పడతాయి, రౌండ్ కిక్ వేద్దామని ఎడమ పాదం తిప్పితే ఆ పాదమే ముందు జారుతుంది. పక్కన గోడ నిండా అద్దం. మధ్యలో నిలబడి మెల్లగా బాక్సింగ్ చేసుకోవచ్చు, క్లించ్ దాకా, అంటే ఒకరినొకరు పట్టుకునేదాకా, వెళ్లకూడదు. చెక్క నేల ఉన్న బ్యాడ్మింటన్ హాలు అంతకంటే నయం, అడుగులు చక్కగా పడతాయి. పడితే మాత్రం చెక్క చెక్కే. జిమ్నాస్టిక్స్ హాలు గానీ, కుస్తీ మ్యాట్ ఉన్న స్పోర్ట్స్ సెంటర్ గానీ గంట లెక్కన దొరికితే ఆలోచించకుండా తీసుకోండి, టేక్ డౌన్లు (ఎదుటివాణ్ణి కింద పడేయడం) సైతం ఆడుకోవచ్చు. బుక్ చేసేటప్పుడు మేనేజరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒక హాలులో మాతో వచ్చినాయన "ఫిట్‌నెస్ క్లాసు" అని రాయించాడు. గ్లౌజుల చప్పుడు విని మేనేజర్ వచ్చి మధ్యలోనే బయటికి పంపేశాడు, డబ్బూ తిరిగి ఇవ్వలేదు. మేనేజర్ తప్పేం లేదు. ఎవరికైనా దెబ్బ తగిలితే సమాధానం చెప్పుకోవలసింది ఆయనే కదా.

పార్కు ఉచితం, దాని గుణాలన్నీ అంతటితో సరి. పచ్చిక మెత్తగా కనిపిస్తుంది గానీ కింద రాయి ఉందో, వేరు ఉందో తెలియదు. మంచు పడిన పొద్దున అయితే కాలు నిలవదు. అయినా నేను మానేసింది నేల వల్ల కాదు, జనం వల్ల. ఇద్దరు గ్లౌజులు వేసుకుంటే నిమిషంలో చుట్టూ మూగుతారు. ఎవడో ఫోన్ తీస్తాడు. అక్కడి నుంచి దెబ్బల బరువు పెరుగుతుంది. ముప్పై శాతం బలంతో ఆడదామనుకున్నవాళ్లు డెబ్బైకి వెళ్లిపోతారు, ఇద్దరికీ తెలియకుండానే. పైగా నిజంగానే కొట్లాట అనుకుని ఎవరైనా పోలీసులకి ఫోన్ చేసినా చేస్తారు. పార్కులో ప్యాడ్ వర్క్ (ఒకరు పట్టుకున్న ప్యాడ్ మీద కొట్టడం), ఫుట్ వర్క్, భుజాలు తాకే ఆట లాంటివి చేసుకోండి, తలకి గురిపెట్టే ఆట వద్దు.

ఇసుక గురించి రెండు ముక్కలు. పడితే దెబ్బ తక్కువ, కుస్తీకి బాగుంటుంది. కిక్కులకి పనికిరాదు, పాదం కూరుకుపోయి తిరగదు, ఆ మెలిక మోకాలు మోస్తుంది.

ఇక ఇంట్లో చోటు. కరాటే పోటీ బరి 8 మీటర్లకి 8 మీటర్లు, అంత ఎవరి ఇంట్లోనూ ఉండదు. అంత అక్కర్లేదు కూడా. జూడోకి ఆద్యుడైన కానో జిగోరో 1882లో తన జూడో బడిని తెరిచింది టోక్యోలో ఒక బౌద్ధాలయంలో, 12 తతామీ చాపలు పట్టే చోట. అంటే సుమారు 20 చదరపు మీటర్లు. మా గ్యారేజీ అంతకంటే చిన్నది, ఒక జంటకి సరిపోతుంది. ఒకదానికొకటి తగిలించే ఫోమ్ మ్యాట్లు వేశాం. 20 మిల్లీమీటర్లవి నిలబడి ఆడటానికే, పడేసే ఆటకి కనీసం 40 ఉండాలి, అప్పుడైనా కింద కాంక్రీటు ఉందని మరిచిపోకూడదు. దుకాణంలో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది: కొన్నాళ్లకి ఆ మ్యాట్లని కలిపి పట్టే అంచు పళ్లు వదులై, పాదం తిప్పినప్పుడల్లా ముక్కలు విడిపోతాయి. ఆ సందులో బొటనవేలు ఇరుక్కుంటే చాలు, నెల రోజులు కుంటడమే. మేం మ్యాట్ల చుట్టూ చెక్క చట్రం బిగించి, పైన దళసరి కాన్వాస్ లాగి కట్టాం. అప్పటినుంచి ఆ బాధ లేదు.

చోటు దొరికాక అసలు చిక్కు మనిషి. కొత్తవాళ్లని కలిసేముందు బరువెంత, ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నారు, తలకి కొట్టుకుందామా వద్దా అని రాతపూర్వకంగా అడుగుతాను. "వచ్చాక చూసుకుందాం లెండి" అనేవాళ్లతో కలవను. ముగ్గురు లేకుండా ఆడను. మూడోవాడు టైమర్ పట్టుకుంటాడు, ఆట వేడెక్కుతుంటే "ఆగండి" అంటాడు. ఆడుతున్నవాళ్లకి ఆ వేడి తెలియదు. క్లాసులో రౌండ్ మూడు నిమిషాలైతే బయట మేం రెండే ఆడతాం, అలసిన చెయ్యి అదుపు తప్పుతుంది కాబట్టి. గ్లౌజులు 16 ఔన్సులవి, మౌత్ గార్డ్ లేనివాడికి రౌండ్ లేదు.

హెడ్ గార్డ్ ఉందిగా అన్న ధీమా మాత్రం వద్దు. అది కోతల్ని, బొప్పిల్ని తగ్గిస్తుంది, పుర్రె లోపల మెదడు అదరడాన్ని ఆపలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో పురుషుల బాక్సింగ్ హెడ్ గార్డ్ లేకుండానే జరిగింది. తలకి దెబ్బ తగిలాక తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజుకి గ్లౌజులు విప్పేయాలి, డాక్టరుకి చూపించుకుని ఆయన సరేననేదాకా మళ్లీ వేసుకోకూడదు. క్లాసులో అయితే ఇది చూసుకోవడానికి కోచ్ ఉంటాడు. బయట ఆ పని మూడోవాడిది. మా గ్యారేజీకి వచ్చే ప్రతివాడి ఇంటివాళ్ల ఫోన్ నంబరూ గోడ మీద రాసిపెట్టాం, ఫస్ట్ ఎయిడ్ డబ్బా దాని కిందే ఉంటుంది.