కాటా, ట్యాగ్ ప్రింటర్, డెబియన్: విండోస్ వదిలాక నా అనుభవం

కడపలో ఉంటూ ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. వీబీ6 (పాత విజువల్ బేసిక్) కాలం నుంచీ నా పనంతా విండోస్ మీదే. 2023లో, విండోస్‌కు బదులు వాడుకునే లైనక్స్ సిస్టమ్‌లలో ఒకటైన డెబియన్ 12 వచ్చాక ముందు నా టేబుల్ మీది మిషన్‌ను, తర్వాత అంగళ్లలోని కౌంటర్లను ఒక్కొక్కటిగా దాని మీదికి మార్చాను. ఇప్పుడు చాలా చోట్ల డెబియన్ 13 నడుస్తోంది. ప్రోగ్రామర్‌కు బాగుంది, కౌంటర్‌కు ఇంకా బాగుంది, అకౌంటెంట్ టేబుల్‌కు మాత్రం వద్దంటాను.

లైనక్స్ మీద ప్రేమతో మారలేదు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగుస్తుందని ముందే తెలుసు. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్లయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. మా అంగళ్లలో ఎక్కువగా ఉన్నవి నాలుగో తరం, ఆరో తరం మిషన్లు. నగ తూచి బిల్లు కొట్టడానికి అవి చాలు. బాగా పనిచేస్తున్నదాన్ని పాత సామాన్లకు వేసి కొత్తది కొనమంటే ఏ సేటు ఒప్పుకుంటాడు?

ప్రోగ్రామింగ్ భాష మార్చుకోవాల్సిన పని పడలేదు. నేను రాసే సీ షార్ప్ భాష, దాన్ని నడిపే డాట్‌నెట్ లైనక్స్ మీద చక్కగా నడుస్తాయి. స్క్రీన్లు తయారుచేసే విన్‌ఫార్మ్స్ మాత్రం రాదు, అది విండోస్‌దే. అందుకని స్క్రీన్లన్నీ బ్రౌజర్లో తెరుచుకునేలా మళ్లీ రాశాను, డేటాబేస్‌ను పోస్ట్‌గ్రెస్‌కు మార్చాను. ఎక్కువ కాలం తిన్నది ఈ పనే. మిగతావి చిల్లర తలనొప్పులు. ఫైలు పేరులో ఇంగ్లీషు పెద్ద అక్షరం బదులు చిన్నది పడితే ఇక్కడ అది వేరే ఫైలు. ఇంకొకటి, దేశాలవారీగా అంకెలు, తేదీలు రాసే పద్ధతులు చూసుకునే ఐసీయూ లైబ్రరీ లేదని డాట్‌నెట్ ప్రోగ్రామ్ ఆగిపోతే ఆ పద్ధతులను పక్కనపెట్టే ఇన్వేరియంట్ మోడ్ పెట్టి దాటేయాలనిపిస్తుంది. పెట్టకండి. మిషన్‌లోని ఇండియా సెట్టింగ్‌ను నమ్ముకున్న కోడ్‌లో 1,25,000 కాస్తా 125,000 అయి కూర్చుంటుంది. బంగారం బిల్లులో కామా జరిగితే నవ్వులాట కాదు.

నాకు ఈ మార్పు కలిసొచ్చింది కాటా దగ్గర. బంగారు కాటా మిల్లీగ్రాము వరకు చూపిస్తుంది, ఆ అంకెను సీరియల్ కేబుల్‌లోంచి వరుసగా పంపిస్తుంటుంది. విండోస్‌లో పోర్టు పేరు కామ్3 అని రాసుకునేవాణ్ని, కేబుల్‌ను వేరే యూఎస్‌బీ పోర్టులో పెడితే అది కామ్5 అయ్యేది. లైనక్స్‌లో పోర్టు కూడా ఒక ఫైలే. వేగం 9600 అని సెట్ చేసి ఫైలులో ఉన్నది చూపించే క్యాట్ కమాండ్‌తో తెరిస్తే బరువులు టెర్మినల్లో ఒకదాని కింద ఒకటి దిగుతుంటాయి. కాటా చెడిందా, కేబుల్ పోయిందా, తప్పు నా కోడ్‌లోనే ఉందా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. అంగట్లో పెళ్లి బేరం వాళ్లు కూర్చుని ఉన్నప్పుడు ఇదెంత సుఖమో చెప్పలేను.

అలాగని అంతా సాఫీగా లేదు. యూజర్‌ను, సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చకపోతే పోర్టు తెరుచుకోదు. మొదట్లో ఉబుంటు 22.04 (ఇదీ లైనక్సే) పెట్టి చూసిన ఒక కౌంటర్లో, సీహెచ్340 చిప్ ఉన్న చవక కేబుల్ పెట్టగానే పోర్టు కనిపించి మాయమయ్యేది. సిస్టమ్ రాసుకునే కెర్నల్ లాగ్ చూస్తే సంగతి బయటపడింది. బ్రెయిలీ పరికరాల కోసం పెట్టిన బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్యాకేజీ ఆ చిప్‌ను తనదనుకుని లాగేసుకుంటోంది. ఆ కౌంటర్లో బ్రెయిలీ అవసరం లేదు కాబట్టి దాన్ని తీసేశాను.

కాటాలు రెండుంటే మరో చిక్కు. ఈ చవక చిప్‌లకు సీరియల్ నంబర్ ఉండదు, అందువల్ల ఏది ఏదో మిషన్‌కు తెలియదు. కేబుల్ ఏ యూఎస్‌బీ పోర్టులో ఉందన్నదాన్ని బట్టి పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్ రూల్ రాసి, బంగారం, వెండి అని పేర్లు పెట్టాను, పక్కన స్టిక్కర్లూ అంటించాను. అయినా పొద్దున తుడిచే పిల్లోడు కేబుళ్లు అటూ ఇటూ మార్చాడంటే ఫోన్ వస్తుంది: "సార్, వెండి బరువు బంగారంలో పడుతోంది!"

ట్యాగ్ ప్రింటర్‌తో గొడవే లేదు. బరువు, తరుగు, హాల్‌మార్క్ నగకుండే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కలిపి, ప్రింటర్‌కు అర్థమయ్యే టీఎస్‌పీఎల్ కమాండ్లుగా నేరుగా పరికరం ఫైలులోకి రాస్తే ట్యాగ్ బయటికొస్తుంది, డ్రైవర్ అక్కర్లేదు. ఎస్టిమేట్లు కొట్టే డాట్ మ్యాట్రిక్స్‌కూ ఇదే పద్ధతి. తెలుగు బిల్లులకు నోటో ఫాంట్ వాడుతున్నాను, ఒత్తులు సరిగ్గా పడుతున్నాయి. టైపింగ్‌కు ఐబస్ అనే సాధనంలో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డు పద్ధతులు రెండూ దొరుకుతాయి. ప్రెస్ వాళ్లు యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఇచ్చే అంగడి పేరును మాత్రం యూనికోడ్‌లో మళ్లీ కొట్టుకోవాల్సిందే. అది ఏ సిస్టమ్‌లోనైనా తప్పదనుకోండి.

యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిన అంగళ్లలో కూడా కరెంటు పోయి వచ్చాక పోస్ట్‌గ్రెస్ తనంతట తాను సర్దుకుంటోంది. కొట్టిన బిల్లు పోయిందన్న ఫిర్యాదు ఇంతవరకు రాలేదు. అప్‌డేట్లు వాటంతట అవే పడతాయి గానీ, రీస్టార్ట్ మాత్రం సేటు కౌంటర్ కట్టేశాక నేను చేసుకుంటాను. నా లాప్‌టాప్ సంగతికొస్తే బ్యాటరీ ముందంత సేపు రావడం లేదు, స్లీప్ నుంచి లేచేటప్పుడు అప్పుడప్పుడు వైఫై మొరాయిస్తుంది.

అకౌంటెంట్ టేబుల్‌కు వద్దని ఎందుకన్నానంటే, అక్కడ టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అది విండోస్‌కు చేసింది. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్ మీద నెట్టుకొచ్చి మార్చి నెలాఖరున టెన్షన్ పడటం నాకిష్టం లేదు. ఆ ఒక్క మిషన్‌ను విండోస్‌లోనే ఉంచి, రోజు అమ్మకాలను ఎక్స్ఎంఎల్ ఫైలుగా పంపిస్తున్నాను, టాలీ దాన్ని తీసుకుంటుంది.

మరీ పాత 32-బిట్ మిషన్లున్నవాళ్లు ఒకటి గమనించాలి: వాటికి డెబియన్ 13 ఇన్‌స్టాలర్ లేదు. ప్రొద్దుటూరులో ఒక సేటు దగ్గర అలాంటివి ఇంకా ఉన్నాయి, 12తోనే లాగిస్తున్నాను. మార్చమంటే "దసరా కానీ సార్, చూద్దాం" అంటాడు. అంతవరకు వాటి డేటాను రోజూ రాత్రి పక్క మిషన్‌లోకి ఆర్‌సింక్ కమాండ్‌తో కాపీ చేసిపెడుతున్నాను.