ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్: పైసలు వచ్చాయో లేదో చూపిస్తుంది, ఎందుకు రాలేదో చెప్పదు

ఊరికి కేంద్రం నిధులు నేనే తెచ్చానని ఎవరైనా మైకులో చెబితే, ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ముందుగా తెరవాల్సింది పంచాయతీల ప్లాన్లు, జమాఖర్చులు చూపించే ఈ సైటే. 2020 ఏప్రిల్ 24న మొదలైంది. లాగిన్ అక్కర్లేదు, ఫీజు లేదు.

రిపోర్టుల్లోకి వెళ్లి ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకోవాలి: వరంగల్, గీసుకొండ, గంగదేవిపల్లి, ఇట్లా. అకౌంటింగ్ రిపోర్టులో జమలు, చెల్లింపులు ఉంటాయి. ప్లానింగ్ రిపోర్టులో ఆ ఏడాది పంచాయతీ రాసుకున్న పనులుంటాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది. ప్లాన్‌లో ఉన్న మురికికాలువ చెల్లింపుల్లో కనిపించకపోతే కార్యదర్శిని అడగాల్సింది దాని గురించే.

పాత లెక్కలు వెతికేటప్పుడు జిల్లా దగ్గర తడబడతాం. 2021 ఆగస్టులో వరంగల్ రూరల్ వరంగల్‌గా, అర్బన్ హనుమకొండగా మారాయి. పరకాల, ఆత్మకూరు, శాయంపేట హనుమకొండలోకి వచ్చాయి. ఒక జిల్లా కింద ఊరు దొరక్కపోతే రెండోది కూడా చూడండి.

అంకెలు చదవాలంటే, కేంద్రం డబ్బు రాష్ట్రాలకు, పంచాయతీలకు ఎట్లా పంచాలో సిఫారసు చేసే పదిహేనో ఆర్థిక సంఘం నిబంధన గుర్తుండాలి. 2021-26 గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం వాడకూడదు. రాష్ట్రాల మధ్య పంపకంలో జనాభాకు 90, విస్తీర్ణానికి 10 శాతం బరువు. కాబట్టి ఎంపీ గట్టివాడైనా, మెతకవాడైనా ఈ లెక్క మారదు. రాజకీయం దూరేది విడుదల దగ్గర. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే గ్రాంటు అన్నది షరతు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలోకి వెళ్లాయి, ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఆ మధ్యకాలంలో జమ కాలమ్ ఖాళీగా కనిపిస్తే తప్పు మీ కార్యదర్శిదనుకోవద్దు. ఎన్నికలు వాయిదా వేసిన నిర్ణయానికి ఊరి మురికికాలువలు మూల్యం చెల్లించాయి. ఈ ఒక్క కారణాన్ని కూడా సైట్ ఎక్కడా రాయదు, నా దృష్టిలో దాని పెద్ద లోపం ఇదే. కేంద్రం ఇచ్చిన డబ్బును రాష్ట్రం పది పనిదినాల్లో పంపాలి, లేకుంటే వడ్డీ కలపాలి. ఆ ఆలస్యం లెక్క కూడా పంచాయతీ పేజీలో కనబడదు.

ఎంపీ నిధులను ఇక్కడ వెతక్కండి, వాటికి ఈ-సాక్షి అనే వేరే పోర్టల్ ఉంది. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. పని సిఫారసు ఎంపీది, మంజూరు జిల్లా యంత్రాంగానిది. నర్సంపేట వాళ్లు ఒకటి గమనించాలి: మీ జిల్లా వరంగల్, మీ లోక్‌సభ స్థానం మహబూబాబాద్. ఎంపీ నిధులతో ఏ పని సిఫారసు చేయాలన్నది నిజంగా ఎంపీ ఇష్టమే, కాబట్టి మీరు అడగాల్సింది మహబూబాబాద్ ఎంపీనే.

ఐదుకు మూడున్నర మార్కులు. విడుదల ఉత్తర్వు తేదీ కావాలంటే జిల్లా పంచాయతీ అధికారికి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి. గ్రామస్థాయిలో అడిగితే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అర్జీకి సైట్ నుంచి తీసిన రిపోర్టు జత చేయండి.