ట్యూన్ చేసిన టర్బో కారుకి ఏ స్పార్క్ ప్లగ్గులు మేలు: కాపరా, ఇరిడియమా?

రిమాప్ (పవర్ పెంచేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించాక ఐడిల్‌లో, అంటే ఆగి ఉండి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, కారు బాగానే ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డెక్కి, నాలుగో గేరులో 2,500–3,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ మొత్తం తొక్కితే మాత్రం జర్క్ కొడుతుంది, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమంటుంది. స్కానర్ పెడితే పీ0300 నుంచి పీ0304 దాకా ఏదో ఒక మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) కోడ్ కనిపిస్తుంది. వెంటనే కాయిల్స్ (ప్లగ్గులకి వోల్టేజ్ ఇచ్చేవి) కొనేయకండి, ముందు ప్లగ్గుల గ్యాప్, అంటే స్పార్క్ దూకే సందు, చూడండి. బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) పెంచితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అదే సందు దాటడానికి స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజ్ కావాలి. కాయిల్ అంత ఇవ్వలేకపోతే మిస్సింగే. కంపెనీ గ్యాప్ 0.8 మి.మీ. ఉన్న ఇంజిన్‌కి స్టేజ్ 1లో (విడిభాగాలు మార్చకుండా చేసే రిమాప్) 0.65 దగ్గర మొదలుపెట్టొచ్చు, టర్బో మార్చినవాళ్లు 0.55–0.6 దాకా దిగుతారు. అవసరానికి మించి తగ్గిస్తే ఐడిల్ చెడుతుంది.

ఇక ఏ ప్లగ్గు? కాపర్ అని అమ్మేదాంట్లో రాగి లోపలే ఉంటుంది, మొన నికెల్ మిశ్రమం. నికెల్ 1,455 డిగ్రీలకే కరుగుతుంది, ఇరిడియం 2,440 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అందుకే ఇరిడియం మొనను సన్నగా చేయగలరు, సన్న మొనకి స్పార్క్ తక్కువ వోల్టేజ్‌లో పడుతుంది, గ్యాప్ కూడా చాలాకాలం నిలుస్తుంది. కాపర్ ప్లగ్గు మొన అరిగేకొద్దీ 0.65 కాస్తా 0.75 అవుతుంది, పాత జర్కులు మళ్లీ మొదలు. ట్యూన్ చేసిన కారులో ప్రతి ఆయిల్ మార్పుకీ తీసి చూడాల్సిందే. పవర్ పెరుగుతుందని మాత్రం ఇరిడియం కొనకండి, పెరగదు.

అయినా కాపర్‌కి ఒక చోటుంది: మ్యాప్ (రిమాప్‌లో వేసే సెట్టింగులు) ఇంకా సవరిస్తున్న రోజుల్లో. నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) వచ్చి మొన పాడైతే చవకవాటినే పారేస్తారు. మ్యాప్ కుదిరాక, రోజూ ఆఫీసుకి వాడే కారుకి ఇరిడియమే మేలు.

హీట్ రేంజ్ (ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే అంకె) ఒక్క మెట్టు చల్లనిది చాలు. ఎన్‌జీకే బ్రాండులో అంకె పెరిగితే చల్లన, అంటే 6 బదులు 7. బాష్‌లో తిరగేసి ఉంటుంది, చూసి కొనండి. ప్లగ్గు మొన దాదాపు 450–500 డిగ్రీలు దాటితేనే మసి దానంతటదే కాలిపోతుంది. అమీర్‌పేట, హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో పాక్కుంటూ వెళ్లే కారుకి రెండు మెట్లు చల్లనిది వేస్తే మసిపట్టి పొద్దున్నే స్టార్టింగ్ ఇబ్బంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి. మన దుమ్ముకి ప్లగ్గు గొయ్యి నిండా ఇసుకే, ముందు గాలి కొట్టకపోతే అదంతా సిలిండర్‌లో పడుతుంది. కాయిల్ కనెక్టర్ లాక్ ఎండకి పెళుసెక్కి ఉంటుంది, లాగొద్దు, నొక్కి తీయండి. గ్యాప్‌ని వైర్ గేజ్‌తో కొలవండి. అంచు పలచనగా మొదలై మందమయ్యే నాణెం లాంటి గేజ్‌ని సందులో తిప్పితే ఇరిడియం మొన విరుగుతుంది. పక్క ఎలక్ట్రోడ్‌నే కొద్దికొద్దిగా వంచాలి, మధ్య మొన మీద ఏదీ ఆనించొద్దు.

బిగించేటప్పుడు రాట్చెట్ లేకుండా, ఎక్స్‌టెన్షన్‌ని వేళ్లతోనే తిప్పి మరలు పట్టించండి. అల్యూమినియం హెడ్‌కి 14 మి.మీ. మర అయితే 25–30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. అయితే 15–20. మీ ఇంజిన్ మాన్యువల్ వేరే చెబితే అదే పాటించండి. వదులైతే వేడి హెడ్‌లోకి దిగదు, మొన ఎర్రగా కాలి ప్రీ ఇగ్నిషన్ (స్పార్క్ పడకముందే ఇంధనం అంటుకోవడం) వస్తుంది. పూత ఉన్న ప్లగ్గులకి యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) పూయొద్దు, జారుడుకి అదే టార్క్‌లో ఎక్కువ బిగిసి మరలు తెగుతాయి.

ఇంత చేసినా ఒకే సిలిండర్ కోడ్ వస్తుంటే ఆ కాయిల్‌ని పక్కదానితో మార్చి చూడండి. కోడ్ కూడా వెంట వెళ్తే కాయిల్ పోయినట్టే. వెళ్లకపోతే ఆ ప్లగ్గు తీసి మొన చూడండి: తెల్లగా, మెరిసే చిన్న చుక్కలుంటే నాకింగ్, అప్పుడు ప్లగ్గు మార్చి లాభం లేదు, ట్యూనర్ దగ్గరికే.